ఆడవాళ్ల మాత్ర

నర్సు నా పేరు పిలిచి మా ఆవిడ వైపు చూసింది.

"డానియేలు అని రాసుందండీ, ఇది మీ ఆయన పేరా? పేషెంటు మాత్రమే లోపలికి రావాలండీ. మగవాళ్లు బయటే ఉండాలి."

మా ఆవిడ సువార్త లేచి నిలబడి నా ముఖం చూసింది. నేను లేచి, "పేషెంటు నేనేనండీ" అన్నాను. నర్సుకి వినపడలేదు. రెండోసారి అనాల్సి వచ్చింది.

ఆ గదిలో ఇరవై మంది దాకా ఆడవాళ్లున్నారు. కొందరు తలకి రుమాలు కట్టుకున్నారు, కొందరి చేతుల్లో స్కానింగు కవర్లున్నాయి. అందరూ ఒక్కసారిగా తలెత్తి నన్ను చూశారు. నేను లెక్కల మాస్టారిని. ఇరవై ఏడేళ్లుగా తరగతి గదుల్లో నిలబడుతున్నాను. అన్ని కళ్లు నా మీద ఉండటం నాకు కొత్త కాదు. అయినా ఆ రోజు రిపోర్టుల కవరు ఛాతీకి అడ్డం పెట్టుకుని నడిచాను.

నాకు వచ్చింది రొమ్ము క్యాన్సర్. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఇప్పుడు కూడా రాసి, పెన్ను కింద పెట్టి, కాసేపు అరుగు మీదకెళ్లి కూర్చుని వచ్చాను.

*

మాది కాట్రేనికోన దగ్గర ఒక పల్లెటూరు. రెండేళ్ల కిందట జూన్ నెలలో, బడులు తెరిచిన వారం, బనీనుకి ఎడమ పక్క చిన్న మరక కనిపించింది. సువార్త బట్టలు నానబెడుతూ, "ఏవండీ, ఇక్కడేదో గీసుకుందా?" అని అడిగింది. చూసుకున్నాను. ఎడమ చనుమొన లోపలికి లాక్కుపోయినట్టుంది. వెనక చింతగింజంత గట్టిగా ఏదో తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి ఏమీ కాదనుకున్నాను. ఎండలకి వచ్చిన సెగ్గడ్డ అనుకుని మా ఊళ్లో ప్రాక్టీసు చేసే ఆయన ఇచ్చిన ఆయింట్‌మెంటు మూడు వారాలు రాశాను.

మరక మళ్లీ వచ్చింది. సువార్త ఊరుకోలేదు, అమలాపురంలో సర్జన్ దగ్గరికి లాక్కెళ్లింది. ఆయన వేళ్లతో నొక్కి చూసి, చంక కింద కూడా చూసి, సూదితో ముక్క తీసి పరీక్షకి పంపాడు. వారం తర్వాత రిపోర్టు చేతిలో పెట్టుకుని ఆయన నా వంక చూడకుండా కాగితం వంకే చూస్తూ, "మాస్టారూ, మగవాళ్లకీ వస్తుందండీ. అరుదుగా వస్తుంది, కానీ వస్తుంది" అన్నాడు.

"ఏం వస్తుందండీ?" అన్నాను.

చెప్పాడు. నేను నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది. ఎవరిదో రిపోర్టు నాకొచ్చింది, పేరు మార్చి రాశారు, అంతే అనుకున్నాను. సువార్త నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుంది. పెళ్లై పాతికేళ్లు దాటినా, నలుగురిలో ఆవిడ నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. అప్పుడు ఆగింది నా నవ్వు.

కాకినాడలో ఆపరేషన్ అన్నారు. మొదటిసారి వెళ్లిన రోజే పైన చెప్పిన సంగతి జరిగింది. లోపల పరీక్ష అయ్యాక బయటికొచ్చి గోడ పక్కన నిలబడ్డాను. కుర్చీలన్నీ ఆడవాళ్లవే కదా. కొత్తపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ తన సంచీ తీసి ఒళ్లో పెట్టుకుని జాగా చేసింది.

"కూర్చోండి మాస్టారూ. ఈ గదిలో ఆడా మగా ఏముందండీ, అందరం ఒక్క జబ్బోళ్లమే."

కూర్చున్నాను. ఆవిడ ఇంకేం అడగలేదు. సంచీలోంచి కమలాపండు తీసి ఒలిచి, సగం సువార్తకి, సగం నాకు ఇచ్చింది. ఆవిడ పేరు అడగాలని కూడా తోచలేదు నాకు.

ఆగస్టులో ఆపరేషన్ అయింది. గడ్డ చంకలోకి పాకలేదనీ, కీమో అక్కర్లేదనీ చెప్పారు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. బళ్లో, చర్చిలో, బంధువుల్లో అందరికీ, "ఛాతీలో చిన్న గడ్డ, తీసేశారు" అని చెప్పాను. అది అబద్ధం కాదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. రాజోలు నుంచి మా రాహేలు అక్క చూడ్డానికి వచ్చింది. ఆవిడకీ అదే చెప్పాను. మా అమ్మ పోయినప్పుడు నాకు ఐదేళ్లు, అక్కకి పద్నాలుగు. ఆ తర్వాత నన్ను పెంచింది అక్కే. పెళ్లై, భర్త పోయాక కువైట్ వెళ్లి పదహారేళ్లు ఎవరింట్లోనో వంట చేసి నన్ను బీఈడీ దాకా చదివించింది. అలాంటి మనిషికి చెప్పడానికి కూడా నాకు "రొమ్ము" అన్న మాట నోట్లోంచి రాలేదు.

కుట్లు తీసిన రోజు, ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ గారు అడిగేరు. "మీ ఇంట్లో ఆడవాళ్లకి ఎవరికైనా ఈ జబ్బు ఉండేదా? అమ్మగారికి, అక్కచెల్లెళ్లకి?"

"లేదండీ. మా అమ్మ కడుపులో గడ్డతో పోయింది."

"మగవాళ్లకి వచ్చిందంటే రక్తసంబంధీకులు జాగ్రత్తగా ఉండాలండీ. మీ అక్కగారిని ఒక్కసారి తీసుకురండి, చూద్దాం."

"ఆయ్, అలాగేనండీ" అన్నాను.

ఆ "ఆయ్" గురించి తర్వాత చెప్తాను.

*

సెప్టెంబరులో మాత్ర రాశారు. టామోక్సిఫెన్. రోజుకొకటి, ఐదేళ్లు. "మీ గడ్డ పెరగడానికి ఈస్ట్రోజెన్ అనే హార్మోను సాయం చేసిందండీ. ఈ మాత్ర దాన్ని గడ్డకి అందకుండా అడ్డుకుంటుంది" అని చెప్పేరు. ఈస్ట్రోజెన్ ఆడవాళ్ల హార్మోను అని పదో తరగతి పిల్లలకి కూడా తెలుసు. అది నా ఒంట్లో ఉందనీ, ప్రతి మగాడి ఒంట్లోనూ కొంత ఉంటుందనీ నాకు అప్పుడే తెలిసింది. అడగాల్సినవి ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ అడక్కుండా చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

మా ఊరి దగ్గర కొంటే తెలిసిపోతుందని అమలాపురం వెళ్లాను. మెడికల్ షాపాయన చీటీ చదివి, పై అరలోంచి పెట్టె దించి, జాలిగా అడిగేడు. "మేడమ్ గారికాండీ?"

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఆయ్, మా ఆవిడకేనండీ" అన్నాను.

"పాపం. ధైర్యం చెప్పండి సార్. మా పిన్నిగారు కూడా ఇవే వాడేరు, శుభ్రంగా తిరుగుతున్నారిప్పుడు."

బిల్లుకి పేరూ ఊరూ అడిగితే, లెక్కల మాస్టారినని కూడా చెప్పేశాను. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. జబ్బు నా మీద నుంచి దిగి ఎదర నడిచిపోయినట్టు అనిపించింది. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని ఇంటికొచ్చాను. ఆ జబ్బు దిగి ఎవరి మీద ఎక్కిందో నాకు తోచనే లేదు.

నవంబరు నుంచి ఒంట్లో వేడి ఆవిర్లు మొదలయ్యాయి. మొదటిసారి త్రికోణమితి చెబుతుండగా వచ్చింది. రొమ్ము దగ్గర మొదలై మెడ మీదుగా చెవుల్లోకి, మాడులోకి ఎక్కింది. బోర్డు మీద రాస్తున్న చెయ్యి తడిసి సుద్ద జారిపోయింది. బయట ముసురు పట్టి, పిల్లలు స్వెట్టర్లు వేసుకుని కూర్చున్నారు. ముందు బెంచీలో ఆడపిల్ల లేచి, "ఒంట్లో బాగోలేదాండీ మాస్టారూ?" అని అడిగింది. బాగానే ఉందన్నాను. చెమట చొక్కా వెనక నుంచి కారుతోంది. రెండు నిమిషాలకి అదంతా ఆరి వణుకు పుట్టింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటుంటే మళ్లీ వచ్చింది. కంచం వదిలేసి వరండాలోకి వెళ్లి చొక్కా విప్పేశాను. సువార్త తువ్వాలు తడిపి తెచ్చింది.

"గుండెల దగ్గర మొదలై పైకెక్కుతోందాండీ?"

"ఆయ్."

"తర్వాత చలేస్తోందా?"

"నీకెలా తెలుసు?"

ఆవిడ నా మెడ మీద తువ్వాలు వేసి, పక్కనే కూర్చుంది. తర్వాత, "నాకు మూడేళ్లు వచ్చేయండీ ఇవి. ముట్లు ఆగిపోయినప్పుడు. నేను ఫ్యాను పెంచితే మీరు తగ్గించేవారు. చలికాలంలో నీకేం ఉడుకని విసుక్కునేవారు" అంది.

గుర్తుంది. విసుక్కోవడం గుర్తుంది. ఆవిడ ముఖం ఎలా ఉండేదో మాత్రం గుర్తులేదు. నా పక్కనే మూడేళ్లు ఒక మనిషి ఇలా ఉడికిపోతే నాకు తెలియలేదు. జబ్బు పేరు విన్న రోజు కన్నా ఆ మధ్యాహ్నం నాకు పెద్ద దెబ్బ తగిలినట్టయింది.

ఆవిర్లు ఒక్కటే అయితే భరించేవాణ్ణేమో. ఏడుపు మొదలైంది. బస్సు తప్పిపోతే ఏడుపు, స్టాఫ్‌రూములో ఎవరో రిటైరై దండ వేయించుకుంటే ఏడుపు. కోరిక పోయింది. భార్యాభర్తల మధ్య ఉండేది ఏదో చప్పుడు చెయ్యకుండా ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. నడుము చుట్టూ కండ పెరిగింది. అద్దంలో చూసుకుంటే, ఈ మాత్ర నన్ను ఆడమనిషిని చేసేస్తోందని నిజంగా నమ్మాను. చదువుకున్నవాణ్ణి. పిల్లలకి ప్రశ్న అడగడం నేర్పేవాణ్ణి. డాక్టరమ్మ గారికి ఒక్క ఫోను చేసి ఉంటే సరిపోయేది.

చెయ్యలేదు. ఫిబ్రవరిలో మాత్ర మానేశాను. సువార్త చూసేలా డబ్బా తియ్యడం, నీళ్లు తాగడం, మాత్రని పిడికిట్లో ఉంచుకోవడం. తర్వాతి నెల ఆ నాటకం కూడా మానేసి, విప్పని అట్టలు బీరువాలో పాత ప్రశ్నపత్రాల కింద దాచాను. మూడు వారాల్లో ఆవిర్లు తగ్గాయి. గెలిచాననుకున్నాను.

*

ఏప్రిల్లో ఒక శనివారం మా చర్చి స్త్రీల కూడిక నుంచి ఇద్దరు పెద్దవాళ్లు ఇంటికొచ్చారు. ఒకావిడ ఎస్తేరమ్మగారు, మా పాత పాస్టరుగారి భార్య. బత్తాయిల సంచీ తెచ్చేరు. నేను కుర్చీలు వేశాను. ఎస్తేరమ్మగారు కూర్చోకుండా తిన్నగా సువార్త దగ్గరికెళ్లి దగ్గరికి తీసుకున్నారు.

"ఎంత కష్టం దాచుకున్నావమ్మా. మాకెందుకు చెప్పలేదు? అమలాపురంలో మందుల షాపాయన మా అన్నయ్యగారి అల్లుడే. మొన్న పెళ్లిలో చెప్పేడు, మీ ఊరి లెక్కల మాస్టారి భార్యకి ఇలాగంట అని."

సువార్త ఆవిడ భుజం మీద నుంచి నా వైపు చూసింది.

"ప్రార్థన చేసుకుందాం" అన్నారు ఎస్తేరమ్మగారు. సువార్తని మోకాళ్ల మీద కూర్చోబెట్టి, ఇద్దరూ తల మీద చేతులుంచారు. "ప్రభువా, నీ కుమార్తె సువార్త రొమ్ములో ఉన్న ఈ వ్యాధిని..." అని మొదలుపెట్టారు. గట్టిగా, కన్నీళ్లతో, పేరు పేరునా మా ఇంటిల్లిపాదిని తలుచుకుంటూ పది నిమిషాలు ప్రార్థించారు. "ఈ బిడ్డ భర్తకి ధైర్యం ఇయ్యి ప్రభువా" అని కూడా అన్నారు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆపండి, అది నాకు అని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. సువార్త కూడా అనలేదు. కళ్లు మూసుకుని, "ఆమెన్" అంది. వాళ్లకి టీ పెట్టి ఇచ్చింది. గేటు దాకా సాగనంపి వచ్చింది.

వచ్చి నా ఎదురుగా నిలబడి అడిగింది. "నాకెప్పుడొచ్చిందండీ క్యాన్సరు?"

చెప్పాను. షాపాయన అడగడం, నేను ఆయ్ అనడం. తల దించుకునే చెప్పాను.

"నా మీదికి తోసేరా?"

"ఆలోచించలేదు సువార్తా. నోట్లోంచి వచ్చేసింది."

"అంగన్వాడీలో తల్లులు నాలుగు రోజులుగా పిల్లల్ని నా ఒళ్లో కూర్చోనివ్వట్లేదు. ఎందుకో అనుకున్నాను."

అంతే అంది. ఆవిడ అంగన్వాడీ టీచరు. పిల్లలంటే ప్రాణం. ఏడిస్తే నాకు బాగుండేది. ఏడవలేదు. లోపలికెళ్లి బీరువా తెరిచింది, ఎందుకు తెరిచిందో నాకు ఇప్పటికీ తెలియదు. రిపోర్టులు తీసి ఎవరికైనా చూపిద్దామనుకుందేమో. తిరిగొచ్చినప్పుడు చేతిలో విప్పని మాత్రల అట్టలున్నాయి.

"జబ్బు నాదని చెప్పేరు. సరే, మోస్తాను. ఇంతమంది ప్రార్థనలు చేస్తుంటే మీరు మందు మానేసేరా? చచ్చిపోదామనుకుంటున్నారా? నాకో మాట చెప్పి చావండి."

పెళ్లైన ఇన్నేళ్లలో ఆవిడ నాతో అలా మాట్లాడలేదు. ఆ సాయంత్రమే నా ఎదురుగా నిలబడి మాత్ర మింగించింది. నోరు తెరిపించి చూసింది. చంటిపిల్లల్ని చూసినట్టే.

*

మంగళవారం మధ్యాహ్నం ఆటో ఆగింది. రాహేలు అక్క బట్టల సంచీతో దిగింది. వార్త రాజోలు దాకా వెళ్లిపోయింది. కాళ్లు కూడా కడుక్కోకుండా సువార్తని పట్టుకుంది.

"అమ్మాయ్, నేనిక్కడే ఉంటాను. వంటా వార్పూ నేను చూస్తాను. నువ్వు మంచం దిగక్కర్లేదు. కానీ ఒక్కటి చెప్పు, పుండు పడిందా?"

"వదినగారూ" అంది సువార్త. "నాకు కాదండీ."

"దాచకు. నేను చూసినదాన్నే."

"నాకు కాదండీ. మీ తమ్ముడికి." నా వైపు తిరిగి, "మీరే చెప్పండి" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

అక్క నన్ను చూసింది. ఛాతీలో గడ్డ అని చెప్పింది అబద్ధం అక్కా, అది ఛాతీ కాదు, రొమ్ము అన్నాను. మగాళ్లకి కూడా వస్తుందంట, నాకొచ్చింది, కోసేశారు, ఆడవాళ్ల మాత్ర వాడుతున్నాను అన్నాను. అక్క పక్కనున్న కుర్చీ వెనక భాగం పట్టుకుని మెల్లగా కూర్చుంది. నవ్వుతుందేమో, ఏడుస్తుందేమో అని చూస్తున్నాను.

"అమ్మకీ అదేరా" అంది.

నాకు అర్థం కాలేదు. "అమ్మకి కడుపులో కదా?"

"నీకలా చెప్పమన్నాడు నాన్న. నీకే కాదు, ఊరందరికీ. ఆడదానికి అక్కడ జబ్బొస్తే శాపం అనేవోళ్లు అప్పట్లో, ఆడపిల్లని ఎవరూ చేసుకోరని. గడ్డ పగిలి పుండైంది. ఏడాది. గుడ్డలు మార్చింది నేనే. ఆ పుండు మానలేదు డానీ. అమ్మ పోయేదాకా మానలేదు."

నలభై ఎనిమిదేళ్లు. నలభై ఎనిమిదేళ్లుగా మా అక్క ఈ సంగతి మోసింది. కువైట్ నుంచి రాసిన ఉత్తరాల్లో లేదు, నా పెళ్లిలో లేదు, ఆసుపత్రిలో నా మంచం పక్కన కూర్చున్నప్పుడు కూడా లేదు. డాక్టరమ్మ గారు అడిగినప్పుడు "కడుపులో గడ్డ" అని నేను ఎంత నమ్మకంగా చెప్పాను!

అప్పుడు గుర్తొచ్చింది నాకు. మీ అక్కగారిని ఒక్కసారి తీసుకురండి అన్న మాట.

"అక్కా, నువ్వోసారి చూపించుకోవాలంట" అన్నాను. "డాక్టరమ్మ గారు ఆగస్టులోనే చెప్పేరు."

అక్క పైట సర్దుకుంది. ఆ సర్దుకోవడంలోనే నాకు తెలిసిపోయింది.

"ఎప్పటినుంచి?"

"క్రిస్మస్ ముందు నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్పేవా?"

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. సువార్త గుమ్మంలోకి వచ్చి నిలబడింది. రేపే కాకినాడ వెళ్దాం అన్నాను. అక్క ససేమిరా అంది. అరవై రెండేళ్లు వచ్చేయి, చాలు, కోస్తే మానదు, అమ్మని చూశాను, అలా నేను పోను, ఇలాగే ప్రభువు తీసుకుపోతాడు. ఎంత చెప్పినా అదే మాట. కోస్తే మానదు.

నేను లేచి చొక్కా గుండీలు విప్పాను. ఆపరేషన్ తర్వాత సువార్తకి తప్ప ఎవరికీ చూపించలేదు. బనీను కూడా తీసేశాను. ఎడమ వైపు చనుమొన లేదు. అడ్డంగా జానెడు గీత ఉంది, అంతే. నేను అద్దంలో చూసుకోవడానికే సిగ్గుపడే చోటు అది. అక్క ముందుకి వంగి చూసింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. వేలితో ఆ గీత ఈ చివర నుంచి ఆ చివరకి తడిమింది.

"ఎన్నాళ్లకి మూసుకుంది?"

"మూడు వారాలు."

"చీము?"

"లేదక్కా."

"వాసన?"

"ఏమీ లేదు."

ఆవిడ వేలు తియ్యలేదు. "మానిందిరా" అంది. "ఇది మానింది." ఇంకోసారి అంది. అప్పుడు ఏడ్చింది. పద్నాలుగేళ్ల పిల్ల ఏడ్చినట్టు, వెక్కి వెక్కి. సువార్త వచ్చి పక్కన కూర్చుని వీపు నిమిరింది. నేను చొక్కా లేకుండా అలాగే నిలబడ్డాను.

*

రెండు రోజుల తర్వాత కాకినాడ వెళ్లాం ముగ్గురం. అదే గది, అవే కుర్చీలు. ఈసారి నర్సు నన్ను గుర్తుపట్టింది. అక్కని లోపలికి పంపి, నేను కూడా డాక్టరమ్మ గారితో మాట్లాడాలని చెప్పాను. రెండు నెలలకి పైగా మాత్ర మానేశానని ఒప్పుకున్నాను. ఆడమనిషినైపోతానేమోనని భయపడ్డానని కూడా చెప్పేశాను.

ఆవిడ కోప్పడలేదు. "ఈ మాత్ర ఎవర్నీ ఆడవాళ్లని చెయ్యదండీ. ఆవిర్లకి, మనసు బాగోకపోతే దానికీ చూసుకోడానికి మార్గాలున్నాయి. మీరు ఆపేసిన రోజే నాకు చెప్పి ఉంటే బాగుండేది" అన్నారు. మాత్ర వేసుకునే వేళ సాయంత్రానికి మార్చుకోమన్నారు, వేడి వేడి టీ తగ్గించమన్నారు, ఇంకో మందు రాశారు. నేను నాలుగు నెలలు నరకం అనుకున్నదానికి పది నిమిషాల మాట సరిపోయింది.

అక్కకి క్యాన్సరే. మేలో ఆపరేషన్ చేశారు. చంకలోకి పాకింది. కీమో, రేడియేషన్ కరెంటు, అన్నీ పడ్డాయి. జుట్టంతా పోయింది. ఎనిమిది నెలలు మా ఇంట్లోనే ఉంది. ప్రతి కీమోకీ సువార్త పక్కనుంది. అంగన్వాడీకి సెలవు పెట్టి మరీ వెళ్లేది. నేనే వెళ్లి నిజం చెప్పేశాక తల్లులు ఆవిడ దగ్గరికి వచ్చి మన్నించమన్నారు. ఆవిడ వాళ్లని మన్నించింది. నన్ను మన్నించడానికి ఇంకొన్నాళ్లు పట్టింది.

ఒక రోజు అక్క లోపలుండగా డాక్టరమ్మ గారిని అడిగాను. "నేను ఆగస్టులో తీసుకొచ్చి ఉంటే?"

ఆవిడ రాస్తున్నది ఆపారు. "ఇప్పుడు తెచ్చేరు కదండీ" అన్నారు. అది నా ప్రశ్నకి జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. నేను మళ్లీ అడగలేదు. ఇప్పటికీ మెలకువ వచ్చిన ప్రతిరోజూ ఆ ప్రశ్న ముందు లేస్తుంది, తర్వాత నేను లేస్తాను.

మా ఇద్దరి రక్తం పరీక్షకి పంపారు. ఈ జబ్బు తెచ్చే జన్యులోపం ఇద్దరికీ ఉందని తేలింది, అమ్మ నుంచే వచ్చి ఉంటుందన్నారు. వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయికి ఫోను చేసి నేనే చెప్పాను, సువార్తకి వదిలెయ్యలేదు. అటువైపు తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత, "నేను కూడా చేయించుకుంటాను డాడీ. మీరు వస్తారా నాతో?" అంది. వెళ్లాను. దానికి ఆ లోపం రాలేదు. ఆ కాగితం చూసిన రోజు ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుండిపోయాను, లేవలేక.

అక్కకి ఇప్పుడు వేరే మాత్ర ఇచ్చారు. అది కూడా ఆ హార్మోను మీద పనిచేసేదే. కీళ్లు పట్టేస్తున్నాయని గొణుగుతుంది కానీ మాత్ర మానదు. నాకు ఇంకా మూడేళ్లు పైనే ఉంది. ఆవిర్లు వస్తూనే ఉన్నాయి, తక్కువగా. తరగతిలో వస్తే, "ఒక్క నిమిషం ఆగండర్రా, నాకు మందు వేడి చేసింది" అని చెప్పి కుర్చీలో కూర్చుంటాను. పిల్లలు కిటికీలు తెరుస్తారు.

చికిత్స అయ్యాక అక్క రాజోలు వెళ్లిపోయింది. పోయిన నెల తన చర్చిలో సాక్ష్యం చెప్పాలి రమ్మంది. వెళ్లాం. నేను మగవాళ్ల వైపు వెనక వరసలో కూర్చున్నాను. అక్క తలకి ముసుగు వేసుకోలేదు. వేలెడు కూడా పెరగని తెల్లజుట్టుతో మైకు దగ్గరికి వెళ్లింది. సాక్ష్యాల్లో అందరూ అన్నట్టే "దేవుడు నన్ను వ్యాధి మంచం మీద నుంచి లేపాడు" అంటుందనుకున్నాను.

"నాకు రొమ్ము క్యాన్సరొచ్చింది" అంది. సభలో చిన్న కదలిక. "మా తమ్ముడికి కూడా వచ్చింది, రొమ్ముకే. అదిగో, ఆ వెనకున్నాడు. లేవరా డానీ."

మగవాళ్ల వరసలన్నీ వెనక్కి తిరిగాయి. నేను లేచి నిలబడ్డాను. ఆడవాళ్ల వైపు నుంచి సువార్త నన్నే చూస్తోంది.

"మా అమ్మ పేరు కరుణమ్మ" అంది అక్క. మైకుని రెండు చేతులతో పట్టుకుంది. "కడుపు జబ్బుతో పోయిందని చెప్పేం ఇన్నాళ్లూ. కాదండీ. మా అమ్మ రొమ్ము క్యాన్సరుతో పోయింది. నేను దగ్గరుండి చూసేను. ఎవరికీ చెప్పొద్దన్నారు, చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను."